మొదటి నవల మధ్యలో ఆగిపోతే: ఎక్కడ ఆగిందో కనిపెట్టడం, మళ్ళీ కదిలించడం

మొదటి నవల రాసేవాళ్ళు మొదటి పేజీ దగ్గర ఆగడం తక్కువ. ఎక్కువమంది మూడో అధ్యాయమో నాలుగో అధ్యాయమో అయ్యాక ఆగుతారు. నెలల తరబడి తలలో తిప్పుకున్న రెండు మూడు మంచి సీన్లు కాగితం మీద పడిపోతాయి. ఆ తర్వాత ఏమిటో తేలదు. రేపు చూద్దాం అనుకుంటారు. వారం గడిచాక ఫైలు తెరవాలంటేనే బెరుకుగా ఉంటుంది.

దీన్ని రైటర్స్ బ్లాక్ అంటాం. ఆ మాటను 1940ల్లో ప్రచారంలోకి తెచ్చింది ఎడ్మండ్ బెర్గ్లర్ అనే మానసిక విశ్లేషకుడు. అందుకే కాబోలు, ఆ పేరు వినగానే ఏదో జబ్బు తగులుకున్నట్టు అనిపిస్తుంది. ఇరవై ఏళ్ళ వయసులో మొదటి నవల రాస్తున్నవాళ్ళ విషయంలో అంత లోతుకి పోనక్కర్లేదు. కలం ఆగిన చోట మామూలుగా ఒక నిర్ణయం తేలకుండా ఉండిపోయి ఉంటుంది. అది కథకి సంబంధించింది కావచ్చు, భాషకి సంబంధించింది కావచ్చు, ఇంట్లోవాళ్ళు ఏమనుకుంటారో అన్నది కావచ్చు. ఏ నిర్ణయమో తెలియకుండా "రోజూ రాయండి, స్ఫూర్తి అదే వస్తుంది" అనే సలహా పాటిస్తే, పది రోజులు రాసి పదకొండో రోజు మళ్ళీ అక్కడే ఆగుతారు.

మాటలు గాల్లో ఉండకుండా ఒక ఉదాహరణ పెట్టుకుందాం. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన శ్రీలత హైదరాబాద్ అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉండి గ్రూప్-1కి చదువుతోంది. ప్రిలిమ్స్ పోయింది. పాసయ్యానని ఇంట్లో అబద్ధం చెప్పింది. తండ్రి వెంకటయ్య పసుపు రైతు. నాలుగో అధ్యాయం చివర ఆయన చెప్పాపెట్టకుండా బియ్యం మూటతో హాస్టల్ గేటు దగ్గర దిగాడు. నవల అక్కడ ఆగిపోయింది.

ముందుగా ఒక తనిఖీ

ఇబ్బంది రాతలోనే ఉందా, ఇంకెక్కడైనా ఉందా చూసుకోండి. సెమిస్టర్ పరీక్షలు, నైట్ షిఫ్టులు, వరసగా ఐదు గంటల నిద్ర: వీటిలో ఏదైనా ఉంటే నవలని తప్పుపట్టకండి. ఆ రెండు వారాలు రాయకపోయినా ఏమీ మునిగిపోదు. అలాగే రాయడమొక్కటే కాకుండా తిండి, స్నేహితులు, సినిమా, దేనిమీదా రెండు వారాలకి పైగా మనసు పోకపోతే అది రచయిత సమస్య కాదు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలి మానస్, నంబరు 14416. ఫోనుకి డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు. దగ్గర్లో డాక్టరుంటే మరీ మంచిది. నవల తర్వాత చూసుకోవచ్చు.

అరగంటలో తేలే పరీక్ష

రాసినదాంట్లో చివరి పది పేజీలు ప్రింటు తీయండి. ఫోన్లోనో ల్యాప్‌టాప్‌లోనో చదివితే చెయ్యి ఊరుకోదు, కామాలు సరిదిద్దుతూ కూర్చుంటారు. ఇప్పుడు చెయ్యాల్సింది దిద్దుబాటు కాదు.

తలుపు వేసుకుని ఆ పది పేజీలూ పైకి చదవండి. చేతిలో పెన్సిల్ ఉండాలి, కానీ ఒక్క మాట కూడా మార్చకూడదు. గొంతు డీలా పడిన చోట, ఒక వాక్యం దాటేసి ముందుకి పోవాలనిపించిన చోట, మనసు మరెక్కడికో పోయిన చోట మార్జిన్‌లో నిలువు గీత గీయండి, అంతే. మొత్తం దాదాపు ఇరవై నిమిషాలు పడుతుంది.

మొదటి గీత ఎక్కడ పడిందో చూడండి. చాలాసార్లు అది ఆగిపోయిన చోటికి రెండు నుంచి నాలుగు పేజీల ముందు ఉంటుంది. కారణం ఉంది. కథ తప్పుదారి పట్టిన వెంటనే ఎవరూ ఆగరు. ముందున్న ఊపు ఇంకో రెండు మూడు పేజీలు లాక్కెళుతుంది, ఆ తర్వాతే బండి నిలుస్తుంది. అందుకే ఆగిన వాక్యం మీద ఎంతసేపు కూర్చున్నా అక్కడేమీ దొరకదు.

తర్వాత కాగితం వెనక ఈ ఐదు ప్రశ్నలకి ఒక్కో వాక్యంలో జవాబు రాయండి.

1. ఈ సీనులో ఎవరికి ఏం కావాలి?
2. అది దక్కకుండా ఎవరు, ఏది అడ్డుపడుతోంది?
3. సీను మొదట్లో లేనిది, సీను అయ్యేసరికి మారింది ఏమిటి?
4. పాఠకుడికి తెలిసి, ఈ మనుషుల్లో ఎవరికి ఏం తెలియదు?
5. రేపు రాయాల్సిన సీను ఏది?

మొదటి మూడింట్లో దేనికైనా జవాబు రాకపోతే, కథ ఆగింది. నాలుగో దానికి తడబడితే కూడా కథే, కానీ మందు వేరు. నాలుగూ వచ్చి ఐదోది రాకపోతే రెండు అడుగుల ముందుచూపు లేదు, అంతే. ఐదూ గబగబా రాసేసి, అయినా వాక్యం కదలడం లేదంటే చిక్కు కథలో లేదు. భాషలోనో భయంలోనో ఉంది.

కథ ఆగితే

మొదటి గీత పడిన చోటికి వెనక్కి వెళ్ళండి. అక్కడి నుంచి తర్వాతి పేజీలన్నీ కత్తిరించి 'పక్కన' అనే ఇంకో ఫైల్లో దాచండి. చెరిపేయొద్దు. చెరిపితే మనసు అక్కడే పీకుతుంది, దాస్తే మర్చిపోతుంది. శ్రీలత కథలో తండ్రి రాకముందు మూడు పేజీల హాస్టల్ వర్ణన ఉందనుకోండి: మెస్ సాంబారు, స్టడీ హాల్లో కుర్చీల కోసం కొట్లాట, చిక్కడపల్లి లైబ్రరీ బయట చాయ్ బండి. ఒక్కొక్కటీ బాగానే ఉంటుంది. వాటిలో శ్రీలతకి కావాల్సింది ఏమీ లేదు, పోయేదీ లేదు. నిలువు గీత అక్కడే పడుతుంది. మొదటి నవలల్లో ఈ తప్పు మామూలు. తనకి బాగా తెలిసిన చోటు రాగానే రచయిత మనిషిని వదిలేసి చోటుని రాయడం మొదలుపెడతాడు.

కత్తిరించాక పది పంక్తుల జాబితా రాయాలి. ప్రశ్న ఒక్కటే: ఇక్కడి నుంచి ఏం జరగొచ్చు? ఆలోచించి ఎంచకూడదు, పది నిండేవరకూ ఆగకూడదు. వెంకటయ్య గేటు దగ్గర దిగాక ఇలా వస్తుంది: శ్రీలత నిజం చెప్పేసి ఏడుస్తుంది. రూమ్మేట్ నోరు జారుతుంది. తండ్రికి గుండెనొప్పి వస్తుంది. ఇవి మొదటి మూడు, టీవీ సీరియల్ రోజూ ఇచ్చేవే. నాలుగు: ఊళ్ళో కుర్రాడెవడో ఫలితాల పీడీఎఫ్‌లో హాల్‌టికెట్ నంబరు వెతికాడని తండ్రి మాటల మధ్య అంటాడు. ఐదు: మెయిన్స్ కోచింగ్ ఫీజుకి డబ్బు తెచ్చాడు. ఆరు: ఆ డబ్బు అప్పు. ఏడు: అప్పని తెలిసీ శ్రీలత తీసుకుంటుంది. ఎనిమిది: తండ్రికి అంతా ముందే తెలుసు, అయినా డబ్బిస్తాడు. తొమ్మిది: కోచింగ్ క్లాసు ఎట్లుంటదో చూస్తా, నన్నూ తీసుకుపో అంటాడు. పది: ఆయనా ఒకటి దాస్తున్నాడు. పసుపు ధర పడిపోయి, పట్నంలో వాచ్‌మన్ పని వెతుక్కోవడానికి వచ్చాడు.

ఏడో నంబరు దాటాక కథ తన ముఖం చూపిస్తుంది. ఎందుకంటే ముందుగా తోచేవి అందరికీ తోచేవి. అవి ఖాళీ అయ్యేవరకూ మనవి పైకి రావు. చాట్‌బాట్‌ని అడిగినా ముందుగా చేతికొచ్చేవి ఆ మొదటి మూడు రకమే, అందుకే ఈ పని దానికి అప్పగించకపోవడం మేలు.

జాబితాలోంచి రెండు ఎంచి, ఒక్కోదాన్ని 300 మాటల్లో చిత్తుగా రాయండి. వర్ణన వద్దు, ఎవరు ఏమన్నారు, ఏం చేశారు అన్నదే చాలు. రెండూ రాశాక ఏది ఇంకో నాలుగు సీన్లు పుట్టిస్తుందో చూడండి. నిజం చెప్పి ఏడిస్తే నవల అయిపోతుంది. తండ్రి కూడా దాస్తున్నాడంటే నవల మొదలవుతుంది. ఏది అందంగా ఉందో చూడకండి, ఏది ముందుకు పోతుందో చూడండి.

నాలుగో ప్రశ్న దగ్గర తడబడ్డవాళ్ళు వేరే పని చెయ్యాలి. అబద్ధం, రహస్యం, దొంగతనం, ప్రేమ వ్యవహారం చుట్టూ తిరిగే ఏ కథకైనా ఇది అవసరం. తెల్లకాగితం మీద అడ్డంగా అధ్యాయాల నంబర్లు, నిలువుగా మనుషుల పేర్లు వేసి గడులు గీయండి. ప్రతి గడిలో, ఆ అధ్యాయం అయ్యేసరికి ఆ మనిషికి అసలు విషయం ఎంత తెలుసో రెండు మూడు మాటల్లో రాయండి. "ఏమీ తెలియదు", "అనుమానం", "తెలుసు, చెప్పడు". ఒక వరసలో నాలుగు అధ్యాయాలపాటు గడి మారకపోతే ఆ మనిషి నవల్లో ఊరికే నిలబడి ఉన్నట్టు. అతన్ని కదిలించండి, లేదా తీసేయండి.

భాష దగ్గర ఆగితే

కథ తెలుసు, సీను తెలుసు, వాక్యమే రాదు. తెలుగులో ఇది మనం ఒప్పుకునేదానికంటే చాలా ఎక్కువ. దీనికి మూడు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది మర్యాద. తెలుగులో ఒక మనిషిని నవల్లోకి తీసుకొచ్చీ తేగానే కథకుడు వాళ్ళకి ఎంత మర్యాద ఇస్తున్నాడో క్రియలో తేలిపోవాలి. "వెంకటయ్య లోపలికి వచ్చాడు", "వెంకటయ్యగారు లోపలికి వచ్చారు", "బాపు లోపలికి వచ్చిండు". ఈ మూడూ మూడు వేర్వేరు నవలలు. మొదటిదాంట్లో కథకుడు అందరికీ సమదూరంలో ఉన్నాడు. రెండోదాంట్లో ఆయన్ని పెద్దమనిషిని చేశాడు. మూడోదాంట్లో కథ శ్రీలత కళ్ళలోంచి నడుస్తోంది. ఇది తేల్చుకోకుండా రాస్తూ పోతే మూడో పేజీలో "వచ్చాడు", ఐదో పేజీలో "వచ్చారు" పడుతుంది. ఏదో తేడాగా ఉందని రాసేవాళ్ళకి తెలుస్తుంది, ఏమిటో తెలియదు. చెయ్యి ఆగుతుంది.

దీనికి ఒక పేజీ పట్టిక చాలు. ప్రతి మనిషికీ నాలుగు విషయాలు రాయండి: కథనంలో ఏ పేరుతో పిలుస్తాం, ఏ సర్వనామం వాడతాం (వాడు, అతను, ఆయన, అది, ఆమె, ఆవిడ), క్రియ ఎలా ముగుస్తుంది, మిగతావాళ్ళు ఒక్కొక్కరూ అతన్ని ఏమని పిలుస్తారు. నాలుగోది మరీ ముఖ్యం. శ్రీలత తండ్రిని "బాపూ" అంటుంది, ఆయన ఆమెని "బిడ్డా" అంటాడు. బ్యాంకు పరీక్షలకి చదువుతున్న శ్రీకాకుళం రూమ్మేట్‌ని "అక్కా" అంటుంది. వార్డెన్ అందరికీ "ఆంటీ". భార్యాభర్తలుంటే ఎవరు ఎవరిని "మీరు" అంటారో, కోపం వస్తే "నువ్వు"లోకి దిగుతారో లేదో కూడా రాసుకోండి. ఆ దిగడమే ఒక్కోసారి సీను మొత్తం. పట్టిక గోడకి అంటించాక ఆ గొడవ మళ్ళీ రాదు.

రెండోది యాస. సంభాషణ యాసలో, కథనం పత్రికల భాషలో రాస్తే ఒక ఇబ్బంది, అంతా యాసలో రాస్తే ఇంకో ఇబ్బంది. ఆలోచనతో ఇది తేలదు. ఒకే సీనుని, 300 మాటలకి మించకుండా, మూడు రకాలుగా రాసి చూడాలి: ఒకటి, కథనం శిష్టవ్యావహారికంలో (అంటే పత్రికల భాషలో), మాటలు యాసలో; రెండు, కథనమూ మాటలూ యాసలోనే; మూడు, కథనమూ మాటలూ శిష్టవ్యావహారికంలోనే, పిలుపులు, కొన్ని మాటలు మాత్రం ఊరివి. మూడింటినీ పైకి చదివి, రెండోసారి చదవబుద్ధయినది ఎంచుకోండి. ఎంచుకున్నాక మొదటి ప్రతి అయ్యేదాకా మార్చకూడదు. సగంలో మార్చాలనిపిస్తే అది కొత్త ఆలోచన కాకపోవచ్చు, అలసట కావచ్చు.

మనది కాని యాస రాస్తున్నప్పుడు ఆగడం సహజం, ఆగడమే మంచిది కూడా. రూమ్మేట్‌ది శ్రీకాకుళం అని ప్రతి వాక్యానికీ ఒక "ఏటి" తగిలిస్తే ఆమె మనిషి కాకుండా సినిమా కామెడీ పాత్ర అవుతుంది. తెలియని యాస మాటలు తక్కువ పెట్టి, ఆమె ఏం మాట్లాడుతుందో దానిమీద బరువు వేయండి. ప్రతి అయ్యాక ఆ ప్రాంతం వాళ్ళు ఒకరికి ఆమె మాటలు మాత్రం చదివించండి.

మూడోది ఇంగ్లిష్ మీడియం. మాట ఇంగ్లిష్‌లో వచ్చి తెలుగులో రాకపోతే ఆ ఇంగ్లిష్ మాటనే తెలుగు లిపిలో రాసి, చుట్టూ సున్నా చుట్టి ముందుకి పొండి. రాసే వేళలో నిఘంటువు తెరవకూడదు. ఆంధ్రభారతి ఆన్‌లైన్ నిఘంటువు గొప్ప సదుపాయమే, కానీ ఒక మాట కోసం వెళ్ళి అరగంట తర్వాత బయటపడతారు, ఈలోగా సీను చల్లారిపోతుంది. సున్నాలు చుట్టినవాటిని వారానికొకసారి కూర్చుని చూడండి. సగం మాటలకి తెలుగు తనంతట అదే తడుతుంది. మిగతా సగం జనం నోట ఇంగ్లిష్‌లోనే ఉన్నవి, వాటిని కదపనక్కర్లేదు. హాల్‌టికెట్‌ని హాల్‌టికెట్ అనే రాయాలి.

ఇక్కడే పరికరాల మాట. యూనికోడ్‌లో, అంటే ఏ ఫోన్లోనైనా కంప్యూటర్లోనైనా తెరుచుకునే అక్షరాల పద్ధతిలో రాయండి. అచ్చుకి పేజీలు కూర్చే డీటీపీ వాళ్ళు 'అను' అనే పాత రకం ఫాంట్లలో అడుగుతారని మొదటి నుంచీ అందులో కొడితే, ఆ ఫాంట్లు లేని చోట ఫైలు తెరిస్తే పిచ్చిగీతలు కనిపిస్తాయి. తర్వాత యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులు కొన్నిచోట్ల చెదిరిపోతాయి. టైపింగ్ నెమ్మదిగా ఉందనుకుంటే సంభాషణల వరకూ ఫోన్లో వాయిస్ టైపింగ్ వాడొచ్చు. యాస మాటల్ని అది తరచూ తప్పుగా పడేస్తుంది, కాబట్టి అదే రోజు దిద్దుకోవాలి. మర్నాటికి ఏమన్నారో మీకే అర్థం కాదు. స్పెల్‌చెక్ ఆపేయండి. ప్రతి సంధి కిందా ఎర్రగీత పడుతుంటే వాక్యం ఎలా సాగుతుంది?

మొదటి అధ్యాయం వదలకపోతే

పదకొండుసార్లు తిరగరాసిన మొదటి అధ్యాయం, అసలు పుట్టని ఐదో అధ్యాయం. ఇది శ్రద్ధలాగా కనిపిస్తుంది, కాబట్టి ఎవరూ తప్పనరు. కానీ మొదటి అధ్యాయం ఎలా ఉండాలో చివరి అధ్యాయం రాశాకే తెలుస్తుంది. తండ్రి కూడా ఒకటి దాస్తున్నాడని పదో పంక్తిలో కనుక్కున్నాం కదా, దానికి తగ్గ విత్తనం మొదటి అధ్యాయంలో పడాలి. ఇప్పుడు ఎంత చెక్కినా ఆ చెక్కడం మళ్ళీ పగలగొట్టాల్సిందే.

చెయ్యాల్సింది: మొదటి అధ్యాయం ప్రింటు తీసి, కవర్లో పెట్టి, కవరు మీద "దిద్దాల్సినవి" అని రాసి బీరువాలో పడేయండి. మార్చాలని ఏదైనా తోచినప్పుడల్లా ఒక చీటీ మీద రాసి కవర్లో వేయండి. "ఒకటో అధ్యాయం, బాపు ఫోన్ మాట్లాడేటప్పుడు వెనకాల ట్రాక్టర్ చప్పుడు ఉండకూడదు, అమ్మేశాడు కాబట్టి." ఫైలుకి పాస్‌వర్డ్ పెట్టి అది స్నేహితుడికి ఇచ్చేసే పద్ధతి కూడా ఉంది. కొంచెం అతిగా అనిపించినా పనిచేస్తుంది. రాసే పేజీలో చివరి పేరా తప్ప పైన ఏదీ కనపడకుండా రోజూ కొత్త ఫైల్లో మొదలుపెట్టడం ఇంకా తేలిక.

తెలియని విషయం అడ్డొస్తే

వెంకటయ్య నిజామాబాద్ మార్కెట్ యార్డుకి పసుపు తీసుకెళ్ళిన సీను రాయాలి. యార్డు ఎప్పుడూ చూడలేదు. గూగుల్ తెరిచారంటే ఆ రోజు అయిపోయినట్టే. వాక్యం మధ్యలోనే ఒక చదరపు బ్రాకెట్ పెట్టి లోపల "యార్డులో తూకం, ధర చెప్పేదెవరు, కోతలేమిటి" అని రాసి దాటేయండి. బ్రాకెట్లన్నీ వారానికి ఒక పూట, రెండు గంటలకి మించకుండా చూసుకోవాలి. ఇంటర్నెట్ కంటే మనిషిని అడగడం మేలు, కానీ అడిగే తీరు ఉంది. "యార్డు గురించి చెప్పండి" అంటే ఉపన్యాసం వస్తుంది. "బండి ఎన్నింటికి చేరుతుంది, రాత్రి ఎక్కడ పడుకుంటారు, పసుపు కొమ్ము, మండ (దుంప) వేరువేరుగా పోస్తారా, అడ్తిదారు (కమీషన్ ఏజెంటు) డబ్బు అదే రోజు ఇస్తాడా, భోజనం ఎక్కడ" అని అడిగితే సీను వస్తుంది.

ఇంట్లోవాళ్ళు చదువుతారన్న భయం

ఐదు ప్రశ్నలకీ జవాబొచ్చి, భాషా తేలి, అయినా ఒకే సీను దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ చెయ్యి ఆగుతోందంటే, ఆ సీనులో ఎవరో నిజం మనిషి ఉన్నారు. అమ్మో, మేనత్తో, పాత స్నేహితుడో.

ముందు ఆ సీనుని అసలు పేర్లతో, జరిగింది జరిగినట్టు, వేరే ఫైల్లో రాసేయండి. అది నవల కోసం కాదు. చేతికున్న బిగుతు వదలడానికి. వారం తర్వాత నవలలోకి తెచ్చేటప్పుడు నాలుగు మార్చాలి: వృత్తి, ఊరు, తోబుట్టువుల సంఖ్య, ఇంటిపేరు. మొదటి పేరు ఒక్కటే మారిస్తే చాలదు. మన దగ్గర ఇంటిపేరు వినగానే ఊరు, కులం, సగం చుట్టరికం తెలిసిపోతాయి. నాలుగూ మారేసరికి మనిషి ప్రవర్తనలో కూడా కొంత తనంతట తానే మారుతుంది, అప్పుడు అది పాత్ర అవుతుంది. మొదటి ప్రతి అయ్యేదాకా ఇంట్లో ఎవరికీ చూపించొద్దు. "బాగుంది నాన్నా" అన్నా, "ఇదంతా ఎందుకు" అన్నా రెండూ కలాన్ని ఆపేవే.

ఇదే వరసలో ఇంకొకటి. కథ నోటితో ఎక్కువగా చెప్పేయకండి. నలుగురు స్నేహితులకి చాయ్ దగ్గర నవలంతా చెప్పి, వాళ్ళు ఆహా అన్నాక, రాయాలన్న ఆకలి సగం తీరిపోతుంది.

రోజుకి ఎంత రాయాలి

అడ్డంకి ఏదో తేలి, దానికి తగ్గ పని చేశాక మాత్రమే ఈ లెక్క పనికొస్తుంది. రోజుకి 200 మాటలు, వారానికి ఐదు రోజులు. వారానికి 1,000. అచ్చులో దాదాపు 200 పేజీల నవలకి 45,000 మాటలు వేసుకుంటే 45 వారాలు, అంటే ఏడాదిలోపే. కూర్చునే సమయం ఇరవై ఐదు నిమిషాలు. ఫోను పక్క గదిలో.

200 మరీ తక్కువని నవ్వొద్దు. 1999లో అమెరికాలో మొదలై 2025లో ఆగిపోయిన నవలా మాసం (నానోరైమో) కార్యక్రమంలో నవంబరు నెలలో 50,000 మాటలు, అంటే రోజుకి సుమారు 1,667 రాయాల్సి ఉండేది. అది ఇంగ్లిష్ లెక్క. తెలుగులో విభక్తులు, ప్రత్యయాలు మాటకే అతుక్కుంటాయి, ఇంగ్లిష్‌లో మూడు మాటలు పట్టేది "ఇంట్లోంచి" అనే ఒక్క మాటలో ముగుస్తుంది. అదే 1,667 తెలుగులో చాలా ఎక్కువ పని. నాలుగు రోజులు లక్ష్యం తప్పితే ఐదో రోజు అవమానంగా ఉంటుంది, ఆరో రోజు మానేస్తారు. లక్ష్యం జ్వరం వచ్చిన రోజు కూడా అందేంత చిన్నదిగా ఉండాలి.

మూడ్ కోసం ఆగితే ఏమవుతుందో ఎవరో పరీక్షించి చూశారు కూడా. రాయలేకపోతున్న యూనివర్సిటీ అధ్యాపకుల మీద అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ బాయిస్ చేసిన ప్రయోగం 1983లో అచ్చయింది. రాయాలనిపించినప్పుడే రాసినవాళ్ళకంటే, తప్పనిసరిగా రోజూ కూర్చున్నవాళ్ళు ఎక్కువ పేజీలు రాశారు. అంతకంటే ఆసక్తికరమైనది, కొత్త ఆలోచనలు కూడా వాళ్ళకే ఎక్కువ వచ్చాయి. వాళ్ళు నవలాకారులు కాదు నిజమే, కానీ కుర్చీ దగ్గరికి రాకుండా ఆలోచన రాదన్నది ఇద్దరికీ ఒకటే.

రెండు చిన్న ఏర్పాట్లు. లేచేటప్పుడు వాక్యం సగంలో ఆపి లేవండి, తర్వాతి సీనులో జరగాల్సింది కింద ఒక్క పంక్తి రాసి పెట్టండి. మర్నాడు కూర్చోగానే ఆ వాక్యం పూర్తిచెయ్యడంతో పని మొదలవుతుంది. నాలుగైదు రోజులు విరామం వచ్చిందా, మొదటి నుంచి చదవొద్దు. చివరి రెండు పేజీలే చదివి, చివరి పేరాని చేత్తో మళ్ళీ ఎత్తిరాసి, అక్కడి నుంచి సాగించండి.

ఆదివారం సీరియల్

తెలుగు నవల చాలా ఏళ్ళు వారపత్రికల సీరియళ్ళలో బతికింది. పత్రిక ప్రెస్సుకి వెళ్ళే రోజు దగ్గరపడితే రచయిత మూడ్ ఎవరూ అడగరు. ఆ ఒత్తిడిని చిన్న ఎత్తున ఇంట్లోనే తయారుచేసుకోవచ్చు.

ఒక్క పాఠకుణ్ణి ఎంచుకోండి. రచయిత కానివాళ్ళు, నవలలు చదివేవాళ్ళు అయితే మంచిది. ప్రతి ఆదివారం సాయంత్రం ఆరింటికి ఆ వారం రాసిన 1,000 మాటలు వాట్సాప్‌లో పంపండి. వాళ్ళు రెండే చెప్పాలి: ఎక్కడ విసుగొచ్చింది, తర్వాత ఏం తెలుసుకోవాలని ఉంది. అభిప్రాయాలు, పొగడ్తలు, "హీరోయిన్ ఇలా చేస్తే బాగుండు" అనే సలహాలు వద్దని ముందే చెప్పండి. రెండో జవాబు బంగారం. "వెంకటయ్య ఆ డబ్బు ఎక్కడిది అని ఎందుకు చెప్పలేదు?" అని వస్తే వచ్చే వారం సీను అదే. గ్రూపు పెట్టొద్దు. పదిమంది ఉంటే ఎనిమిదిమంది బొటనవేలు గుర్తు పెడతారు, ఇద్దరు వాదించుకుంటారు.

వరసగా మూడు ఆదివారాలు పంపలేకపోతే మళ్ళీ ప్రింటు తీసి అరగంట పరీక్ష చెయ్యాలి. ఈసారి గీత వేరే చోట పడుతుంది.

పక్కన పెట్టాలంటే

కొత్త నవల ఆలోచన ఒకటి సరిగ్గా మధ్యలో ఉండగానే వస్తుంది, పైగా ఇప్పటిదానికంటే చాలా గొప్పగా కనిపిస్తుంది. దానికింకా కష్టమైన సీన్లు రాలేదు కాబట్టి అంత అందం. ఒక పేజీలో రాసి దాచి, పాతదానికే తిరిగి రండి.

అయితే కొన్ని నవలల్ని నిజంగానే వదలాలి. కథ, భాష, భయం, మూడింటికీ చెయ్యాల్సింది చేసి, రెండు నెలలు రోజూ కూర్చున్నాక కూడా, ఈ మనుషులకి ఏం జరుగుతుందో తెలుసుకోవాలని మీకే లేకపోతే ఆపేయొచ్చు. ఆపే రోజు ఒక పేజీ రాసి ఫైలు పైన పెట్టండి: ఎవరి కథ, ఎంతవరకు వచ్చింది, చివరికి ఏం జరగాలనుకున్నారు, ఎందుకు ఆపుతున్నారు, తేదీ. 'పక్కన' ఫైలు, మర్యాదల పట్టిక, కవర్లోని చీటీలు అన్నీ ఒకే ఫోల్డరులో వేసి, ఒక కాపీ ఈమెయిల్లో మీకు మీరే పంపుకోండి. ఫోన్లు పాడవుతాయి, పెన్‌డ్రైవ్‌లు పోతాయి. ఆరు నెలల తర్వాతి తేదీకి క్యాలెండర్లో గుర్తు పెట్టుకుని, ఆ రోజు ఆ ఒక్క పేజీ మాత్రం చదవండి. చదవగానే ఒక సీను తట్టిందంటే ఫోల్డరు తెరవండి.